డబ్బా ఒకటి, తలలు నాలుగు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం. ఉమ్మడి కుటుంబం, ఆడవాళ్లం నలుగురం. నా జుట్టు సన్నగా, సాఫీగా ఉంటుంది. నడుము దాటి ఉంది. తలకు పోసుకున్న మర్నాటికే మాడు జిడ్డెక్కుతుంది, చివర్లేమో గరుకుగా ఎండిపోయి చిట్లుతున్నాయి. మా తోడికోడలిది ఒత్తైన ఉంగరాల జుట్టు. కాన్పై ఐదు నెలలైంది. ఇప్పుడు దువ్వెన పెడితే చాలు, గుప్పెడు ఊడుతోంది. మా అత్తది నెరిసిన జుట్టు, నెలకోసారి గోరింటాకు పొడి పెట్టుకుంటుంది. మా పాప ఆరో తరగతి, రెండు జడలు, స్కూలు నుంచి పేలు తెచ్చుకుంటుంది. నలుగురికీ కలిసొస్తుందని పోయిన నెల ఒక హెర్బల్ హెయిర్ బామ్ కొన్నాను. 200 గ్రాముల డబ్బా 480 రూపాయలు. మందార, గుంటగలగర, ఉసిరి, కలబంద ఉన్నాయని, జుట్టుకు తేమ ఇస్తుందని రాసుంది. తలకు పోసుకున్నాక మాడుకూ జుట్టుకూ బాగా పట్టించి, అలాగే జడ వేసుకున్నాను. రెండో రోజుకే జిడ్డు, దురద. తోడికోడలికేమో వాడినా వాడకపోయినా ఒకటే. మా ఆయన "ఇంకెన్ని డబ్బాలు కొంటావు" అంటున్నాడు. ఏ రకం జుట్టుకు ఏ బామ్ కొనాలి? ఇంట్లోనే చేసుకోవచ్చా? డబ్బా ఫొటోలు పంపుతున్నాను. మాకు బోరు నీళ్లే దిక్కు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఫొటోలు పంపి మంచి పని చేశారు. ముందు వైపు ఫొటోతో నాకు పెద్ద పని పడలేదు. మందార పువ్వు బొమ్మ ఎవరైనా వేస్తారు. వెనక వైపు ఫొటోనే పెద్దది చేసి చదివాను. అడుగున, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో, రెండు మూడు నిమిషాలు ఉంచి నీళ్లతో బాగా కడిగేయాలని ఉంది. మీరు దాన్ని మాడుకు పట్టించి రెండు రోజులు మోశారు. దురద చాలావరకు అందుకే అయి ఉంటుంది. మందారనూ తిట్టొద్దు, మీ చర్మానికి ఏదో పడలేదని టెన్షనూ పడొద్దు.

బామ్ అన్న పేరుతో మన అంగళ్లలో మూడు రకాల సరుకు దొరుకుతోంది. ఒకటి మీ దగ్గరున్నది, కడిగేసే బామ్. పేరు ఏదైనా అది కండిషనరే. రెండోది కడగకుండా వదిలేసేది, పల్చటి క్రీమ్‌లా ఉంటుంది. మూడోది నీళ్లే లేని గట్టి బామ్. నూనె, మైనం, వెన్నలాంటి కొవ్వు కలిపి చేస్తారు, చిన్న డబ్బాలో వస్తుంది. ఈ మూడూ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. అంగట్లో పిల్లను అడిగితే "అన్నీ ఒకటే మేడమ్" అంటుంది. ఒకటి కాదు. కొనేముందు వెనక తిప్పి, కడగాలా వదిలేయాలా అన్న ఒక్క ముక్క చదవండి. జుట్టు రకం సంగతి ఆ తరవాత.

ఇక ఆ మూలికల సంగతి. మీ డబ్బా మీద మొదటి పేరు నీళ్లు. రెండోది సెటియరిల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అన్నారని భయపడకండి, అది మెత్తటి మైనంలాంటి పదార్థం, జుట్టును మృదువుగా చేస్తుంది. ఎండగట్టేది డీనేచర్డ్ ఆల్కహాల్, అది వేరే. మూడోది బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్. దెబ్బతిన్న వెంట్రుకకు అంటుకుని చిక్కు లేకుండా జారేలా చేసేది ఇదే. ఆ తరవాత గ్లిజరిన్, డైమెథికోన్ అనే సిలికోన్, సువాసన, ఫినాక్సీఇథనాల్. చివరికి హిబిస్కస్, ఎక్లిప్టా ఆల్బా, ఎంబ్లికా, అలో. మన మందార, గుంటగలగర, ఉసిరి, కలబంద అన్నమాట. జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక వస్తుంది. ఫినాక్సీఇథనాల్ సరుకు పాడవకుండా వేసేది, మామూలుగా ఒక శాతం మించి వేయరు. దాని వెనక నిలబడ్డవన్నీ చిటికెడు చిటికెడే. నాలుగు మూలికలూ కలిపినా మీ అత్త గోరింటాకులో వేసే టీ డికాక్షన్ పాటి ఉండవు.

అంతమాత్రాన అది చెడ్డ సరుకు కాదు. జుట్టుకు పని చేసే వస్తువులు అందులో సరిగ్గానే ఉన్నాయి, వాడాల్సిన తీరులో వాడితే చిక్కు విడిపిస్తుంది. మందార బొమ్మకు ఎంత ఎక్కువ ఇచ్చారన్నదే లెక్క. అదే పని చేసే మామూలు కండిషనర్ అందులో సగం ధరకు వస్తుంది. ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించొద్దు.

రకాల దగ్గరికి వెళ్లేముందు నీళ్ల సంగతి. మీరు ఉత్తరం చివర్లో తోకలా రాసిన మాటే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. బోరు నీళ్లు.

మీ బాత్రూములోకి వెళ్లి చూడండి. బకెట్ అంచున, కుళాయి మూతి చుట్టూ, గీజర్ ఉంటే దాని కాయిల్ మీద తెల్లగా గార కట్టి ఉంటుంది. గోటితో గీకితే సున్నంలా రాలుతుంది. అది కాల్షియం, మెగ్నీషియం. తాగే నీళ్లకు లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు కఠినత, అంటే ఈ గార లెక్క, ఉండాలని భారత ప్రమాణం. వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని అందులోనే ఉంది. మన జిల్లాలో లోతు బోర్లు వేసినచోట ఆ రెండో గీత దాటడం కొత్త కాదు. ఆ గారే తలకు పోసుకున్న ప్రతిసారీ వెంట్రుక మీదా కూర్చుంటుంది. వెంట్రుక పైపొర ఇంటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటుంది. గార పేరుకున్న కొద్దీ ఆ పెంకులు సరిగ్గా వాలవు, ఒక వెంట్రుక పక్క వెంట్రుకను గీకుతుంది. గరుకు, చిక్కు, మెరుపు పోవడం అన్నీ దాని తరవాత వచ్చేవే. అలాంటి జుట్టు మీద ఎంత ఖరీదైన బామ్ రాసినా గార మీద రాసినట్టే.

మీరు తలకు ఏం వాడతారో రాయలేదు. సీకాయ పేరుతో వచ్చే సబ్బు బిళ్ల అయితే ఈ రోజే మానేయండి. పేరు సీకాయ అయినా అది సబ్బు. సబ్బు బోరు నీళ్లతో కలిస్తే నురగకు ముందు తెల్లటి జిగురు పుడుతుంది, అది జుట్టుకు అంటుకుని కడిగినా పోదు. షాంపూ వాడినా, నిజమైన సీకాయ పొడో కుంకుడు రసమో వాడినా ఈ జిగురు బాధ ఉండదు. అయితే కుంకుడు రసం మాడులోని నూనెను గట్టిగానే లాగేస్తుంది. మీ జిడ్డు మాడుకు సరే, తోడికోడలికి వద్దు.

నీళ్లు మార్చుకోలేం కదా అంటారు. మొత్తం మార్చనక్కరలేదు, చివరి రెండు చెంబులు మారిస్తే చాలు. బోరు నీళ్లతోనే తలకు పోసుకోండి. ఆఖరున తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లు ఒక చెంబులో తీసుకుని అందులో అరచెక్క నిమ్మకాయ పిండి, గింజలు వడకట్టి, జుట్టు పొడవునా పోయండి. పులుపు ఆ గారను కొంత కరిగిస్తుంది. ఒక నిమిషం ఆగి, ఇంకో చెంబు క్యాను నీళ్లు ఉత్తివి పోసి కడిగేయండి. కంట్లో పడకూడదు, మాడు మీద పుళ్లుంటే ఈ పని వద్దు. వారానికి ఒకసారి చాలు. షవర్‌కు తగిలించే ఫిల్టర్లని అమ్ముతున్నారు కదా, వాటిలో చాలావాటికి క్లోరిన్ వాసన తగ్గించే శక్తే తప్ప గార తీసే శక్తి లేదు. నిజంగా గార తీసేది ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ యంత్రం. అంత ఖర్చు జుట్టు కోసం పెట్టమని నేను చెప్పను.

రెండోది గాలి. మన దగ్గర మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కన్నా కిందికి పడిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి గురించి మీకు చెప్పేదేముంది, రామగిరి, వజ్రకరూరు వైపు గాలిమరలు పెట్టింది అందుకే. బామ్‌లో గ్లిజరిన్ ఎందుకు వేస్తారంటే అది తేమను పట్టుకుంటుంది, గాలిలో తేమ ఉంటే అక్కడి నుంచి కూడా లాక్కుంటుంది. చెన్నైలోనో విశాఖలోనో గాలిలోనే నీళ్లుంటాయి, కాబట్టి అక్కడ గ్లిజరిన్, కలబంద ఉన్న పల్చటి క్రీమ్ ఒక్కటే సరిపోతుంది. ఇక్కడ లాక్కోవడానికి గాలిలో ఏముంది? చెన్నై నుంచి ఏ ఆడబిడ్డో "సూపర్‌గా ఉంది వదినా" అని పంపిన డబ్బా ఇక్కడ తుస్సుమనడం అందుకే. మన ఊళ్లో ఎండాకాలం బామ్ అంటే తడి ఉన్న జుట్టు మీద రాసి, ఆ తడి బయటికి పోకుండా పైన నూనెతో మూసేదిగా ఉండాలి. పొడి జుట్టు మీద ఎంత రాసినా తేమ రాదు, ఎందుకంటే బామ్‌లో ఉన్న నీళ్లు ఆ కాసిన్నే.

మీ జుట్టు రకం ఏమిటో ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా చూడమని వీడియోల్లో చెబుతుంటారు. నేను దాన్ని నమ్మను. వెంట్రుకకు కాస్త నూనె ఉన్నా తేలుతుంది. దానికన్నా ఇది చేయండి. తలకు పోసుకుని పూర్తిగా ఆరిన రోజు, ఏమీ రాయకముందు, ఒక పాయ పట్టుకుని చేత్తో నాలుగు చుక్కలు చల్లండి. చుక్కలు పాయ మీద గుండ్రంగా నిలబడి, కాసేపటికి జారిపోతే ఆ జుట్టు పైపొర గట్టిగా మూసుకుని ఉంది. తడవడానికీ ఆరడానికీ టైం పడుతుంది. దానికి బరువైన బామ్ పైపైనే ఉండిపోయి జిడ్డవుతుంది. చుక్క పడగానే ఇంకిపోయి, ఆ చోటు వెంటనే నల్లగా మారితే పైపొర తెరుచుకుని ఉంది. తొందరగా తడుస్తుంది, తొందరగా ఆరిపోతుంది, తేమ నిలబడదు. దానికే మైనం, నూనె ఉన్న బామ్ కావాలి. ఈ పని చెవి దగ్గర ఒకసారి, జడ కొసన ఒకసారి చేయండి. మీ తలలో రెండు చోట్లా రెండు జవాబులు వస్తాయని నా అంచనా.

ఎందుకంటే వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాటిన జడ కొస వయసు ఆరేడేళ్లు. మాడు దగ్గర పోయిన నెల పుట్టిన జుట్టు, కొసన అనంతపురం ఎండాకాలాలు ఆరేడు చూసిన జుట్టు. రెండింటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది? కాబట్టి మీకు బామ్ చెవుల కింది నుంచి కొస దాకానే. మాడుకు వద్దు, నెత్తి మీద వద్దు, పాపిట దగ్గర అసలే వద్దు. మీ సన్నటి జుట్టుకు షియా బటర్ అనే గింజల వెన్న, ఆముదం మొదట్లోనే కనిపించే గట్టి బామ్‌లు కొనకండి, జుట్టు తలకు అతుక్కుపోతుంది. ఇప్పుడున్న డబ్బానే వాడండి. షాంపూ చేసి, నీళ్లు పిండేసి, చెవుల కింద మాత్రం పట్టించి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో ఒకసారి దువ్వి, మూడు నిమిషాలాగి కడిగేయండి. తరవాత తువాలుతో రుద్దకుండా అద్దండి. ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని కొసలకు రాయండి. చిట్లిన కొస మళ్లీ అతుక్కోదు, ఏ డబ్బా మీద ఏం రాసినా. ఒక రెండంగుళాలు కత్తిరించేయండి. మాడు మీద తెల్లటి పొట్టు, దురద ఇంకా ఉంటే అది చుండ్రు కావచ్చు. దానికి కారణమైన ఫంగస్ మాడు మీది నూనెనే తిని బతుకుతుంది, కాబట్టి చుండ్రు తగ్గేదాకా మాడుకు ఏ నూనే వద్దు.

కొబ్బరినూనె అన్నాను కాబట్టి ఒక మాట. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేవని 2003లో ఒక పరిశోధన వచ్చింది. చేసినవాళ్లు పారాచూట్ నూనె తయారుచేసే మారికో కంపెనీలో వాళ్లే. ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా నేను నమ్ముతాను. ఆ నూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, లోపలికి దూరగలదు. తలకు పోసుకోవడానికి ఒక గంట ముందు కొసలకు రాస్తే చాలు, రాత్రంతా ఉంచి దిండు పాడుచేసుకోనక్కరలేదు.

ఇంట్లో చేసుకోవచ్చా అంటే, నీళ్లు లేని గట్టి బామ్ చేసుకోవచ్చు. అది మీకు కాదు, మీ తోడికోడలి ఉంగరాలకు. ఉంగరాల జుట్టులో మాడు దగ్గరి నూనె ఆ వంపులు దాటి కొస దాకా దిగదు, అందుకే ఎప్పుడూ పొడిగా ఉంటుంది. ఆమెకు ఏ తేడా తెలియలేదన్నారు, కడిగేసే బామ్ ఒక్కటే ఆ జుట్టుకు చాలదు మరి.

కొబ్బరినూనె 100 మిల్లీలీటర్లు, ఆముదం 25 మిల్లీలీటర్లు. ఊళ్లో ఎవరైనా వండిన వంటాముదం దొరికితే మరీ మంచిది. ఆముదం ఇంతకన్నా పెంచకండి, చిక్కగా ఉండి పొడవు జుట్టును ముద్దకట్టిస్తుంది. తేనెమైనం 20 గ్రాములు. తేనె పట్టేవాళ్ల దగ్గరో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది, కొవ్వొత్తి మైనం మాత్రం వాడొద్దు. గుంటగలగరాకు వేయాలనుకుంటే నీడలో గలగలలాడేలా ఎండబెట్టి, నూనెలో వేసి, సన్న సెగ మీద వేడి నీళ్ల గిన్నెలో అరగంట ఉంచి వడకట్టండి. ఆకులో తడి మిగిలిందంటే నెల తిరక్కుండా బామ్ వాసన కొడుతుంది. ఆ నూనెలోనే మైనం వేసి, అదే నీళ్ల గిన్నెలో కరిగించి, పొడి స్టీలు డబ్బాలో పోసి కదపకుండా ఆరనివ్వండి. నేరుగా మంట మీద పెట్టకండి.

మైనం 20 గ్రాములు ఎందుకంటే, కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది. మన ఊళ్లో అది గడ్డకట్టేది చలికాలం తెల్లవారుజాముల్లోనే. మైనం తక్కువైతే, ఏప్రిల్‌లో అల్మారా తెరిస్తే బామ్ పాలలా కారుతుంది. తేనెమైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి, అదే బామ్‌ను నిలబెడుతుంది. చలికాలంలో 12 గ్రాములు చాలు. ఇదే కారణంగా, బయట కొనే గట్టి బామ్ కూడా పెద్ద డబ్బా కొనకండి. మూడు ఎండలకు కరిగి మూడుసార్లు గట్టిపడ్డ బామ్ ఇసకలా పలుకులు కడుతుంది. పాడైనట్టు కాదు కానీ రాసుకోబుద్ధి కాదు.

ఇందులో కలబంద గుజ్జో మందారాకు రసమో కలపమని ఎవరైనా చెబితే వినకండి. నీళ్లున్నది ఏది కలిపినా, పాడవకుండా ఏదీ వేయలేదు కాబట్టి, వారంలో బూజు. కలబంద వాడాలంటే అప్పటికప్పుడే. మట్ట కోసి, కోసిన వైపు కిందికి పెట్టి పది నిమిషాలు నిలబెట్టండి. పసుపు రంగు రసం కారిపోతుంది, దురద పుట్టించేది అదే. తరవాత గుజ్జు తీసి మిక్సీలో వేసి వడకట్టండి. నిజంగా పనిచేసే మూలిక ఏదని నన్నడిగితే, ఈ డబ్బాల మూలికలన్నిటికన్నా మందారాకు, మెంతులు అంటాను. రాత్రి నానబెట్టిన మెంతుల జిగురు చూశారు కదా, వేళ్ల మధ్య సాగుతుంది. తడి జుట్టు మీద ఆ జిగురు రాస్తే దువ్వెన తగలకుండా జారుతుంది. మందారాకు పిసికితే వచ్చేదీ అదే. ఖర్చు లేదు, పెరట్లో మొక్క ఉంటే. మెంతి వాసన రెండు రోజులుంటుంది, అది భరించాలి.

తోడికోడలు వాడే తీరు ఇదీ. వారానికి ఒక్కసారే షాంపూ. మీ కడిగేసే బామ్ ధారాళంగా పట్టించి, దువ్వడమంతా అప్పుడే, తడి మీదే అయిపోవాలి. ఆరిన ఉంగరాలకు దువ్వెన పెడితే చిట్లుతాయి, గుబురుగా లేస్తాయి. కడిగాక, నీళ్లు కారడం ఆగి ఇంకా బాగా తడిగా ఉన్నప్పుడే, ఇంటి బామ్ శనగగింజంత తీసుకుని అరచేతుల మధ్య కరిగేదాకా రుద్ది, తల కిందికి వంచి, కొసల నుంచి పైకి పిడికిలితో నొక్కుతూ రాయాలి. చాలకపోతే ఇంకో శనగగింజంత, అంతే. అరచేయి చూసుకోవాలి, మెరవాలి కానీ తెల్లగా కనపడకూడదు. చంటిబిడ్డ ముఖం రోజంతా ఆ జుట్టుకే ఆనుకుని ఉంటుంది కాబట్టి సువాసన నూనెలేవీ కలపొద్దు.

మీ అత్తగారి విషయం చిన్నదే. గోరింటాకు ఒట్టిది అయితే ఎర్రగానే పండుతుంది. పెట్టిన గంటలో నల్లగా చేసే పొడి అయితే ప్యాకెట్ వెనక పీపీడీ అనో పారాఫినైలిన్‌డయమీన్ అనో ఉందేమో చూడండి. దానికి పడనివాళ్లకు ముఖం వాచిపోతుంది. కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడల్లా చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు ఆగమనండి. గోరింటాకు పెట్టాక జుట్టు ఎండిపోతుంది, అందులో నిమ్మరసం పిండితే ఇంకా ఎండుతుంది. నిమ్మరసం మానేసి, మర్నాడు మీ కడిగేసే బామ్ ఆవిడ కూడా వాడొచ్చు.

పాపకు బామ్‌తో పనిలేదు, కొబ్బరినూనె చాలు అందును, పేల సంగతి రాయకపోయి ఉంటే. రాశారు కాబట్టి ఆ డబ్బాకు ఇంకో ఉపయోగం ఉంది. తడి తలకు కడిగేసే బామ్ మందంగా పట్టించండి, ఈసారి మాడుకు కూడా, ఎలాగూ కడిగేస్తాం. పేలు ఆ జిగటలో కదల్లేవు. ముందు పెద్ద దువ్వెనతో చిక్కు తీసి, తరవాత జుట్టును పాయలుగా విడదీసి, ఒక్కో పాయను మాడు నుంచి కొస దాకా పేల దువ్వెనతో దువ్వి, ప్రతిసారీ దువ్వెనను తెల్లగుడ్డకు తుడవండి. ఏం వచ్చిందో కనపడుతుంది. ఈపి పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాలు మానకుండా చేయాలి. ఒక్కసారి చేసి పోయాయనుకుంటే మళ్లీ వస్తాయి. అదే రోజు మీ నలుగురి తలలూ చూసుకోండి.

ఇక మీ తోడికోడలికి ఊడుతున్న జుట్టు. దానికి బామ్ మార్చి లాభం లేదు, నూనె మార్చి లాభం లేదు. కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా రాలాల్సిన వెంట్రుకలు రాలకుండా ఆగి, కాన్పైన రెండు నుంచి నాలుగు నెలలకు అన్నీ ఒక్కసారి రాలడం మొదలవుతుంది. చూసినవాళ్లు హడలిపోతారు. చాలామందికి ఆరో నెల తరవాత తగ్గుముఖం పట్టి, ఏడాదిలోపు సర్దుకుంటుంది. పాపిట పక్కన బొటనవేలంత పొడవున చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తున్నాయేమో చూడండి. ఉంటే కొత్త జుట్టు వస్తున్నట్టే.

కానీ కాన్పులో రక్తం ఎక్కువ పోయినా, ఐరన్ మాత్రలు మధ్యలో ఆపేసినా ఇది సాగుతుంది. పథ్యమని ఇప్పటికీ కూరలు పెట్టకుండా ఉంచుతున్నారా? అలాగైతే ముందు అది ఆపండి. ఆకుకూర, పప్పు, గుడ్డు, తింటే మాంసం, అన్నీ పెట్టండి. ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. ఊడిన వెంట్రుక బిడ్డ కాలి వేలికో చేతి వేలికో చుట్టుకుని బిగుసుకుంటుంది. వేలు వాచి ఎర్రబడుతుంది, బిడ్డ ఊరికే ఏడుస్తుంటుంది, కారణం తెలియదు. నీళ్లు పోసే ముందు సాక్సులు విప్పి వేళ్లన్నీ చూడమనండి. తలకు పోసుకున్న రోజు ఆమె జుట్టు ముడి వేసుకునే బిడ్డను ఎత్తుకోవాలి.

నున్నగా గుండ్రటి మచ్చలా ఎక్కడైనా జుట్టు పోయినా, ఏడాది దాటినా తగ్గకపోయినా సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. ఈలోపు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి బాగుందని వదిలేయకుండా ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ లెక్క), థైరాయిడ్ కూడా రాయమని డాక్టర్‌ను అడగండి.